పైకి తెరుచుకునే బుట్ట

నా నోరు మంచిది కాదని చేపల బజారులో ఎవర్నడిగినా చెబుతారు. ఆ నోరు నాకు మా అత్త నుంచే వచ్చింది. అత్తంటే మా నాన్నకు అక్క. ఏటిలో వేసే చేపల బుట్టలు అల్లేది. రేవులో ఆవిడ్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. మొండిఘటం ఇల్లెక్కడ అంటే చిన్నపిల్లలు కూడా వేలు చూపిస్తారు.

ఏటి వీధి చివర, మేడమెట్ల కింద గది ఆవిడది. గుమ్మం పక్కన బెత్తం నానబెట్టే తొట్టి, లోపల కాళ్లు కోసి పొట్టిగా చేసుకున్న స్టూలు, గోడకు చాకులు, కిటికీలోంచి చూస్తే ఏరు. గదిలో ఎప్పుడూ తడి బెత్తం వాసనే. ఏళ్ల తరబడి ఒకే పక్కకు వంగి అల్లడంతో ఎడమ భుజం కిందికి జారిపోయింది. "అత్తా, కాస్త నిటారుగా కూర్చోరాదూ" అంటే, "బుట్ట వంకరగా వస్తే చెప్పు. నా వంకర నీకెందుకు" అనేది.

బుట్ట సంగతి కాస్త చెప్పాలి. పొడుగ్గా ఉంటుంది. ఒక పక్క వెడల్పాటి నోరు, నోటి లోపల కొనలన్నీ లోపలికి తిరిగిన పుల్లలు. ఎర కోసం చేప సులువుగానే దూరుతుంది, తిరిగి రాబోతే పుల్లలు గుచ్చుకుంటాయి. రాయి కట్టి బుట్టను ఏటి అడుగున దింపుతారు. దాని తాడుకు పైన ఒక బెండు తేలుతూ ఉంటుంది. మా నాన్న, ఆయనతో వేటకు వెళ్లేవాళ్లు అందరూ అత్త బుట్టలే వాడేవారు. ఎంత గుంజినా విడని అల్లిక మరి.

ఒక వేసవి ఉదయం మా నాన్న పక్కంతా చీలిపోయిన బుట్టను తెచ్చి అత్త గుమ్మంలో పడేశాడు. బజారుకు బయలుదేరిన నేను అక్కడే ఆగిపోయాను. బుట్టలో చేపలు లేవు. నీటికుక్క పిల్లలు రెండు, చచ్చిపోయి, ఒకదాని మెడ మీద ఒకటి తల పెట్టుకుని ఉన్నాయి.

ఏటి అవతలి ఒడ్డున ఒకప్పుడు నక్కలుండేవట, ముళ్లపందులుండేవట. రెల్లు పొదల్లో బావురుపిల్లి తిరుగుతుంటే తను కళ్లారా చూశానని అత్త చెప్పేది. ఇళ్లు ముందుకు జరిగేకొద్దీ అవన్నీ ఎటో పోయాయి. మిగిలింది చెట్టు వేళ్ల కింద బొరియలో కాపురముండే ఈ నీటికుక్కల కుటుంబం ఒక్కటే. పొద్దున్నే ఈలలు వేసుకుంటూ ఈదుతుంటే బాగానే ఉండేది గానీ, చేపలమ్ముకునే దాన్ని, నాకు వాటి మీద పెద్ద ప్రేమేమీ లేదు.

"పిల్లలు లోపల ఇరుక్కున్నాయి, తల్లి వచ్చి బయటినుంచి చీల్చింది. నీ బుట్టా పోయింది, నా చేపలూ పోయాయి. ఇలా ఎన్నిసార్లక్కా?" అన్నాడు నాన్న.

 అత్త పిల్లల్ని తీసి గోనెపట్టా మీద పడుకోబెట్టింది. బుట్టలోకి చెయ్యి పెట్టి లోపలంతా తడిమింది. అడుగున ఒక్క గీతా లేదు, తల్లి చీల్చిన చీలిక తప్పితే పక్కల ఏమీ లేదు. పైభాగమంతా గోళ్ల గీతలు, పళ్ల గాట్లు.

"చూశావటే," అంది నాతో. "చేప ముందుకో వెనక్కో వెతుక్కుంటుంది. ఇవి పైకి వెతుక్కున్నాయి. వీటికి ఊపిరి పైన కదా ఉంది."

 చిన్నప్పుడు పడవ తిరగబడి అత్త దాని కింద ఇరుక్కుపోయిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. తనకంటే చిన్నవాడైన మా నాన్నే జుట్టు పట్టి బయటికి లాగాడట. ఆ మాట చెప్పి నాన్న ఆవిడ్ని ఆటపట్టించని రోజు లేదు. ఆ రోజు మాత్రం ఎత్తలేదు.

"రేవులో అందరం ఒక మాట అనుకున్నాం," అన్నాడు. "చేపల్లో మందు కూరి బొరియ దగ్గర పడేస్తే పీడ విరగడవుతుంది."

"తల్లీ ఒక పిల్లే మిగిలాయిరా."

"అయితే ఇంకా సులువు."

అత్త చీలిన బుట్టను పక్కన పెట్టింది. "నేను బుట్ట మారుస్తాను. లోపలికొచ్చింది పైనుంచి పోవాలి, చేపలు ఉండిపోవాలి. అది ఒక చేప తింటే తిననీ. నీ బుట్ట చిరగదు, మిగతా చేపలు నీకే."

"దొంగకు మనమే తలుపు తీసి సాగనంపాలన్నమాట."

"సాగనంపుతావో మానుతావో నీ ఇష్టం. మందు పెట్టారంటే ఈ రేవులో ఇంకెవరికీ బుట్ట అల్లను. నీకు అసలే అల్లను."

అక్క అన్నంత పనీ చేస్తుందని నాన్నకు తెలుసు. "కొత్తనీరు వచ్చేదాకా చూస్తాం. ఆ తర్వాత నన్ను అడ్డుకోకు," అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి అత్తకు తిండీ తిప్పలూ లేవు. బుట్ట నడినెత్తిన చిన్న తలుపు కోసి బెత్తంతోనే బిగించింది. బుట్టను రేవులో ముంచి, తనూ గొంతులోతు నీళ్లలో దిగి, లోపలినుంచి పిడికిలితో తోసి చూసింది. కదల్లేదు. "నా పిడికిలికే లొంగనిది, పసిదాని తలకు లొంగుతుందా" అని విప్పేసింది. ఈసారి వదులుగా కట్టింది. ఏటి వాలుకు తలుపు దానంతటదే తెరుచుకుని, పడిన చేపలన్నీ చక్కగా వెళ్లిపోయాయి. నాన్న ఆ ఖాళీ బుట్టను నెత్తిన పెట్టుకుని బజారంతా ఊరేగించాడు. "మా అక్క అల్లింది, చేపలకు సత్రం" అంటుంటే అందరూ పడీపడీ నవ్వారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. నా బల్ల మీద అమ్మడానికి చేప లేదు. సరాసరి అత్త గదికి వెళ్లి కడిగేశాను. "నీ మొండితనానికి మా పొట్టలు మాడాలా? అవి నీకేమైనా చుట్టాలా, పక్కాలా?"

"నా బుట్టలో చచ్చాయి," అంది అత్త. "పైకొచ్చి ఊపిరి పీల్చేదాన్ని ముంచి చంపడానికి నేను పని నేర్చుకోలేదు. నీ అరుపులు అయిపోతే ఆ పుల్ల ఇలా అందుకో."

అందుకున్నాను. ఏం చెయ్యను, ఆవిడతో గొడవ పడితే తల ప్రాణం తోకకొస్తుంది.

మర్నాడు సైకిల్ షాపు దగ్గర ఒక పాత ట్యూబు చూసి అత్త టక్కున ఆగింది. అడిగి తెచ్చుకుని, సన్నగా కోసి, తలుపుకు ఒక పక్క కీలులా, ఇంకో పక్క పట్టీలా కుట్టింది. తలుపును పైకి తోస్తే సాగుతుంది, వదిలితే టప్పున మూసుకుంటుంది. ఏటి వాలుకు కదలలేదు. పడిన చేపలు పడినట్టే ఉన్నాయి. నాన్న మూతి ముడుచుకుని, "చేపలు ఆగాయి సరే. ఆ పిల్ల బయటికొస్తుందని ఎవరు చూశారు?" అన్నాడు. అత్త ట్యూబు పట్టీని ఇంకోసారి లాగి చూసింది.

ఇంతలో పైన ఎక్కడో వాన పడిందని, రేపోమాపో కొత్తనీరు దిగుతుందని కబురొచ్చింది. తెల్లారేసరికి నాన్న మందు కూరిన చేపల సంచి పడవలో పెట్టుకుని నన్ను తెడ్డు వెయ్యమన్నాడు. రేవు దాటబోతుంటే అత్త చీర ఎగదోపుకుని నీళ్లలోకి దిగి, పడవ అంచు పట్టుకుని ఎక్కేసింది.

"దిగక్కా."

"నా తలుపు బుట్ట అవతలి ఒడ్డున ఉంది. చూసుకోవడానికి వస్తున్నా."

 బెండు దగ్గరికి వచ్చాక అత్త తాడు చేతిలోకి తీసుకుంది. అక్కడ లోతు తక్కువ. కొత్తనీరు ఇంకా రాలేదు కాబట్టి బుట్ట అడుగున స్పష్టంగా కనిపిస్తోంది. అందులో చేపలు మెరుస్తున్నాయి.

అప్పుడే ఒడ్డు మీద ఈల వినిపించింది. చెట్టు వేళ్ల సందులోంచి తల్లి తల పైకెత్తి చూస్తోంది. దాని పిల్ల మా ముందే, నీళ్లలో నల్లటి గీతలా వచ్చి, బుట్ట నోట్లోకి దూరిపోయింది.

లోపల చేపలు చెల్లాచెదురయ్యాయి. పిల్ల ఒకదాన్ని కరుచుకుని వెనక్కి తిరిగింది. పుల్లలు అడ్డొచ్చాయి. ఇటు తిరిగింది, అటు తిరిగింది. బుడగలు పైకి వస్తున్నాయి. బెండు దడదడా అదురుతోంది.  తెడ్డు వదిలేశాను.

"అక్కా, లాగు," అన్నాడు నాన్న.

అత్త లాగలేదు. తాడు బిగించి పట్టుకుంది, అంతే. 

"చచ్చిపోతుందక్కా, లాగు. నీ పంతం తగలెయ్య, ఆ తాడిలా ఇయ్యి."

"ఒక్క క్షణం ఆగరా. నాకూ భయంగానే ఉంది."

నాన్న మందు సంచిని కాలితో పక్కకు నెట్టి తాడు మీద పడ్డాడు. ఇద్దరి చేతులూ ఒకే తాడు మీద ఉన్నాయి. నీళ్లలో పిల్ల తల బుట్ట పైభాగానికి కొట్టుకుంటోంది, ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. తర్వాత తల తలుపుకు తగిలింది. ట్యూబు సాగింది. తల, మెడ, ముందుకాళ్లు. తలుపు టప్పున మూసుకుంది.

మా పడవ పక్కనే పిల్ల పైకి తేలి, తుమ్మి, నోట్లో చేపతో ఒడ్డుకు ఈదిపోయింది. తల్లి ఎదురొచ్చి దాన్ని వేళ్ల కిందికి తోసుకుపోయింది. బుట్టలో మిగతా చేపలు అలాగే ఉన్నాయి.

నాన్న పడవలో కూలబడ్డాడు.  చేతులింకా తాడు మీదే ఉన్నాయి.

"చిన్నప్పుడు నన్నూ ఇలాగే లాగావు," అంది అత్త. "నువ్వు లాగేవాడివేరా, ముంచేవాడివి కాదు. మందు పెట్టడం నీకు చేతకాదు. ఊరికే ఎందుకు ఆయాసపడతావు?"

నాన్న నా వైపు చూసి, పడవ తిప్పమని చెయ్యి ఊపాడు. రేవు చేరగానే గునపం తీసుకుని, నీటికి దూరంగా లోతైన గొయ్యి తవ్వి, సంచిని అందులో పూడ్చాడు. రేవులో వాళ్లు ఏమైందని అడిగితే, "మా అక్కనడగండి" అన్నాడు.

సాయంత్రం తన బుట్టలన్నీ తెచ్చి అత్త గుమ్మం ముందు గుట్టగా పోశాడు.

"వీటన్నిటికీ తలుపులు పెట్టు."

అత్త తల ఎత్తలేదు. "ట్యూబులు నువ్వే తెచ్చుకో," అంది.