మేమిద్దరం రాసిన లైసెన్సు పరీక్ష

పొద్దుటి లోకల్ ట్రైనులో ఉడకేసిన చెనిక్కాయల వాసన తగిలితే ఇప్పటికీ తల తిప్పి పక్క సీటు వైపు చూస్తాను. తిరుత్తణిలో ఎక్కింది మొదలు తిరువళ్ళూరులో దిగేదాకా ఆ వేడి కాయలు ఒలుచుకుంటూ, ఒళ్ళో లావుపాటి పుస్తకం పెట్టుకుని చదివేవాడు దామోదరం అన్న. అప్పటికే ఆయన తల సగం నెరిసిపోయింది. ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్లలు ఆయన్నీ ఆ పుస్తకాన్నీ చూసి నవ్వుకునేవాళ్ళు. ఆయన వాళ్ళ చేతుల్లోనే నాలుగు కాయలు పోసి, "ఈ లెక్క మీకొస్తే చెప్పండ్రా, నాకు రాలే" అనేవాడు.

వెంగల్‌లో వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి. డిప్లొమా చదివి, తిరువళ్ళూరులో బిల్డింగ్ ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు పెట్టుకున్నాడు. మాది ఆర్.కె.పేటలో మగ్గం నేసే కుటుంబం. నేనూ డిప్లొమాతోనే ఆయన దగ్గర పనికి చేరి, పెళ్ళయి నా కూతురు హైస్కూలుకు వచ్చేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాను. మాకున్న లైసెన్సుతో చిన్న ఇళ్ళకే సంతకం పెట్టగలం. పెద్ద కట్టడమైతే లెక్కలన్నీ మేమే కట్టి, సంతకం కోసం చెన్నైలో ఒక ఇంజనీరు దగ్గరికి తీసుకుపోయేవాళ్ళం. ఒకసారి ఆ ఇంజనీరు ఫోనులో మాట్లాడుతూ మా కాగితాలు తిప్పి చూడకుండానే సంతకం పెట్టి ఇచ్చేశాడు. తిరుగు ట్రైనులో దామోదరం అన్న ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని మొదటి నుంచి ఒక్కొక్కటే తిప్పాడు.

"ఆయన చూళ్ళేదు వసంతా. మనం తప్పు చేసింటే ఎవురు పట్టుకుంటారు?"

"మనం తప్పు చెయ్యలేదు కదన్నా."

"చెయ్యలేదని నువ్వు చెప్తాండావు, నేను చెప్తాండా. ఇంగొకరు చూడాల గదా. అనుభవం ఉంటే డిప్లొమావాళ్ళు గూడా పెద్ద లైసెన్సుకు రాయొచ్చంట. రాద్దాం రా. ఇద్దరమూ రాస్తే నీది నేను చూస్తా, నాది నువ్వు చూడు."

అలా మొదలైంది మా చదువు. పుస్తకాలు ఇంగ్లీషువి, నేను రాసుకున్న నోట్సు తమిళంలో, వాదులాట మాత్రం తెలుగులో. కొన్ని నెలలకే నేను చేతులెత్తేశాను. వంట, కూతురి చదువు, ట్రైను, ఎండలో సైట్లు, ఇవన్నీ అయ్యాక పుస్తకం తెరిస్తే అక్షరాలు కదిలిపోయేవి. నా వల్ల కాదన్నాను. ఆయన నచ్చజెప్పలేదు.

"రేపటి నుంచి సైట్లకు నేను పోతా. నువ్వు లోపల తలుపేసుకొని చదువుకో. ఎవురన్నా అడిగితే వసంత లేదని చెప్తా."

అన్నట్టే చేశాడు. మధ్యాహ్నాలు నేను ఫ్యాను కింద చదువుకుంటుంటే ఆయన సెంట్రింగు చెక్కల మీద నిలబడి ఉండేవాడు. ఆయన చదువుకోవలసిన వేళలే అలా ఎండలో పోయాయని నాకు ఫలితాలు వచ్చిన రోజున గాని తట్టలేదు.

రాతపరీక్ష ఇద్దరం దాటాం. ఇంటర్వ్యూలో నేను పాసయ్యాను, ఆయన కాలేదు. ఫోనులో ఫలితాలు చూసి నేను తలెత్తేలోపే ఆయనే అన్నాడు.

"నాది లేదు గదా. సరి. నీది ఉండాది గదా, దానికన్నా నవ్వు."

బయటికి వెళ్ళి మైసూర్‌పాకు తెచ్చి, వరసలో ఉన్న అంగళ్ళన్నిట్లో పంచాడు. సాయంత్రం స్టేషనులో మాత్రం మా బండి వచ్చినా బెంచీ మీద నుంచి లేవలేదు. అది వెళ్ళిపోయాక, "దినమూ చేసే పనే గదా వసంతా. ఆడ కూచుంటే నోట్లో మాట రాలేదు" అన్నాడు. నేను ఆయన పక్కనే కూర్చున్నాను.

కొన్నాళ్ళకు దామోదరం అన్న, తామరైపాక్కంలో ఒక రైసుమిల్లు ఆసామి కట్టుకునే మూడంతస్తుల ఇంటి డ్రాయింగు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆయన గీసినదానికి నేను సంతకం పెట్టాలి. పని నేర్పినవాడి లెక్కను సరిచూడడమేమిటని పెన్ను తీశాను. ఆయన పెన్ను మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"చూడు ముందు."

చూశాను. ఆసామి మాట మీద నీళ్ళ ట్యాంకు ఒక మూల నుంచి ఇంకో మూలకు మారింది. డ్రాయింగులో అన్న మార్చాడు గానీ, ఆ బరువు కొత్తగా పడే దూలం లెక్క మాత్రం పాతదే ఉంది. అదే పేజీని తిప్పి తిప్పి చూస్తున్నాను.

"ఏముండాది ఆడ?" అన్నాడు.

"ట్యాంకు బరువు... ఈ దూలానికి కలపలేదన్నా."

కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. ఒక్క క్షణం ఆయన ముఖం వాడిపోయింది. తర్వాత నిదానంగా నవ్వాడు.

"దీనికే గదమ్మా నిన్ను చదవమనింది. నా మొగం చూసి సంతకం పెట్టింటే ఆ ఇంట్లోవాళ్ళ గతేంది?"

ఆ ఏడాది సైట్లకు నేను తిరిగాను. ఆయన్ను లోపల కూర్చోబెట్టి తలుపు వేశాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇంటర్వ్యూ చేసేవాళ్ళలా ఎదురుగా కూర్చుని గద్దించి అడిగేదాన్ని. మొదట్లో నా ముందు కూడా తడబడేవాడు. రెండోసారి పాసయ్యాడు. లైసెన్సు చేతికొచ్చాక గీసిన మొదటి డ్రాయింగుకు తనే సంతకం పెట్టవచ్చు. అయినా ముందు నా బల్ల మీదే పెట్టి, నేను చూసేదాకా బయట టీ తాగుతూ నిలబడ్డాడు.

పోయిన ఏడాది గుండెపోటుతో ఆయన పోయాడు. ఆఫీసు నేనే నడుపుతున్నాను. నా డ్రాయింగులు ఇప్పుడు తిరుత్తణిలో ఉండే ఒక ఇంజనీరమ్మకు పంపుతాను. ఆమెతో పెద్ద పరిచయం లేదు, ఆమెకు నేనంటే మొహమాటమూ లేదు. మొన్న ఒకటి ఎర్రసిరా గీతతో తిప్పి పంపింది. చూడగానే చెవులు వేడెక్కాయి. మళ్ళీ చూస్తే ఆమె చెప్పిందే సరి. ఫోను చేసి మంచిపని చేశావమ్మా అన్నాను. సాయంత్రం బండి వదిలేసి, లెక్క మొదటి నుంచి కట్టుకుంటూ కూర్చున్నాను. సిగ్గేమీ అనిపించలేదు. నా పని ఇంకొకరు చూశారన్న నెమ్మది ఒక్కటే ఉంది.