తొట్టి వెనక యొర్దాను

మా ఇంట్లో పాత నీటిరంగుల బొమ్మ ఒకటుంది. ఉదయగిరి కొండ, దాని కింద చెరువు, గట్టు మీద తాటిచెట్లు. కుడి మూల చిన్న గోధుమరంగు మరక. సంతకం మాత్రం లేదు. తన తండ్రి వేశాడని నాన్న మొదటినుంచీ చెబుతాడు. తాత మిషన్ బడిలో అయ్యవారు.

వచ్చే వారం నెల్లూరులో పాత బొమ్మల ప్రదర్శన పెడుతున్నాయన దాన్ని చూసి, "ఇది దొరసాని పనే మేడమ్. ఆ రోజుల్లో మనవాళ్ళకి ఈ రంగులెక్కడివి?" అని తేల్చేశాడు. 'పేరు తెలియని ఆంగ్ల వనిత' అని చీటీ కూడా రాసుకున్నాడు. మరకను తడిబట్టతో తీసేస్తాననీ అన్నాడు. ఒద్దు బాబూ అని బొమ్మ వెనక్కి తెచ్చుకున్నాను.

ఆ మాట విన్నప్పటినుంచి నాన్న అన్నం సరిగ్గా ముట్టలేదు. "మా నాయన మన పల్లె గుళ్ళో తొట్టి వెనక ఇదే బొమ్మ పెద్దదిగా వేసినాడు. పోయి చూసి రా" అన్నాడు. మా బాప్టిస్టు గుళ్ళలో బాప్తిస్మపు తొట్టి వెనక గోడ మీద, యేసు మునిగి బాప్తిస్మం పొందిన యొర్దాను నదిని వేయించడం ఆనవాయితీ. తాత మా కొండనూ చెరువునూ యొర్దాను చేసేశాడన్నమాట. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామని బొమ్మను దుప్పట్లో చుట్టుకుని బయల్దేరాను.

ఆరుంబావుకి నెల్లూరులో బస్సెక్కాను. ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి సీటూ లేదు. ఎనిమిదికి ఆత్మకూరు. ఉదయగిరి బస్సు ఎప్పుడని అడిగితే, "ఇదో, వస్తా ఉండాదమ్మా" అన్నాడు విచారణ కిటికీలో ఆయన. ఆ నమ్మకంతో ఇడ్లీ కూడా గబగబా మింగాను. బస్సు పదికి వచ్చింది.

ఈసారి సీటు దొరికింది. పక్కనావిడ ఉల్లిపాయల మూటను నా బొమ్మకు ఆనించి కూర్చుంది.

"ఏందమ్మా అది, ఫ్యాను రెక్కలా?"

"పటం."

"ఏ దేవుడిది?"

"దేవుడిది కాదు, ఉదయగిరి కొండది."

"కొండ ఆడనే ఉండాది గదా! దానికి మళ్ళా పటమెందుకు?"

నేను మూటను అటు జరిపాను. ఆవిడ మళ్ళీ ఇటు జరిపింది. ఉదయగిరి దాకా ఇదే తంతు.

అక్కణ్ణుంచి సీతారామపురం రోడ్డులో ఆటో. పల్లెకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం, గుడికి తాళం. తాళంచెవి సంఘపెద్ద దగ్గర, ఆయన వరికుంటపాడులో పెళ్ళికి. చింతచెట్టు నీడలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. ఒంటిగంట దాటాక ఆయన పెళ్ళి తాంబూలం సంచితో మోటారు సైకిలు దిగాడు.

"తొట్టి చూడాలా? రండమ్మా, మా తొట్టి మాదిరి చుట్టుపక్కల యాడా లేదు!" అంటూ తలుపు తీశాడు.

నిజమే. గోడ నిండా నిగనిగలాడే నీలం టైల్స్. మధ్యలో వాటిని ఇచ్చిన కుటుంబం పేరుతో నల్లరాతి పలక.

"బొమ్మ ఏది?"

"పాత యొర్దానా? చెమ్మకి పెచ్చులూడిపోతా ఉండె. పోయిన క్రిస్మస్‌కి గీకేసి టైల్స్ వేసినాం. ఇంక నూరేళ్ళు ఢోకా లేదు!"

ఒళ్ళు మండిపోయింది. "టైల్స్ ఇచ్చినవాళ్ళ పేరు రాతి మీద చెక్కించారు. గోడంతా బొమ్మ వేసినాయన పేరు ఎక్కడా రాయాలనిపించలేదా?" అని అరిచేశాను. ఆయన బిక్కమొహం వేశాడు. "ఎండన పడి వచ్చినారు, రెండు ముద్దలు తినిపోండమ్మా" అన్నాడు. పోట్లాడినవాళ్ళను అన్నానికి పిలిస్తే ఏం చేస్తాం? వెళ్ళాను.

ఇంట్లో వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. దుప్పటి విప్పి చూపించాను. బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"కొండ సరే. మేక యాడుండాది?"

"ఏ మేక అవ్వా?"

"ఒంటికొమ్ము మేకమ్మే! బడి అయ్యోరిది. ఆయన గోడ మీద బొమ్మేస్తా ఉంటే గుళ్ళోకొచ్చి కుంచెలు నమిలేది. దాంతో ఏగలేక దాన్ని గూడా యొర్దాను ఒడ్డున కట్టేసినాడు. చెరిపేయమని పాస్టరు ఒకటే పోరు. ఈయన వింటేనా! నన్ను నీళ్ళలో ముంచేటప్పుడు నేను దాన్నే చూస్తా ఉన్నా. నవ్వొచ్చి నీళ్ళు మింగేసినా."

కుడి మూల మరకను గుమ్మం వెలుగులో పెట్టి చూశాను. నాలుగు కాళ్ళు, మెడకు సన్నటి తాడు, ఒకటే కొమ్ము. ఆ ముసలమ్మను అమాంతం కావలించుకున్నాను.

తిరుగు బస్సులో ఆత్మకూరు దాకా నిలబడే వచ్చాను. బస్టాండు నుంచే ప్రదర్శన ఆయనకు ఫోన్ చేశాను. "ఆధారం ఏముంది మేడమ్?" అన్నాడు. "మేక ఉంది" అన్నాను. "కాగితమేమైనా..." అని నసిగాడు. చీటీ మీద మా తాత పేరుంటేనే బొమ్మ వస్తుందని చెప్పి పెట్టేశాను.

ఎవరైనా అటు వెళితే, ఆత్మకూరులో 'ఇదో, వస్తా ఉండాది' అన్న మాట నమ్మకండి. తీరిగ్గా ఇడ్లీ తినండి. గోడ చూడ్డానికైతే వెళ్ళనే వద్దు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, నాకు మేక దొరికింది. అది నా అదృష్టం.

నెల్లూరు బస్సు కదిలాక నాన్నకు ఫోన్ చేశాను. గోడ మీద బొమ్మ గీకేశారని చెప్పాను.

"నాన్నా, మన బొమ్మలో ఆ మూల ఉన్నది మరక కాదు, మేక."

"ఒంటికొమ్ముదా?" అన్నాడు వెంటనే. కొమ్ము సంగతి నేనింకా చెప్పనే లేదు. "దాని పాలు తాగే పెరిగినాను" అన్నాడు.

మళ్ళీ తనే, "మీ అమ్మకు ఫోనిస్తా ఉండా. నాకు అన్నం పెట్టమని చెప్పు" అన్నాడు.