సిద్దయ్య కాపాడిన మిషను

మా తాత సిద్దయ్యకు ఒక కొడుకు, ఒక మిషను. కొడుకును రోజూ తిట్టేవాడు గానీ మిషనును మాత్రం ఒక్క మాట అనలేదు. శామీర్‌పేట దాటాక ఉన్న ఫార్మసీ కాలేజీలో ఆయన ల్యాబ్ అటెండరు. మాత్రలో మందు ఎంతుందో తేల్చి చెప్పే ఆ మిషను వచ్చిన రోజే ప్రిన్సిపాల్ వెంకటరామయ్య సారు ఆయన్ని పిలిచాడు.

"సిద్దయ్యా, ఇన్‌స్పెక్షన్ వాళ్లు ముందుగా చూసేది దీన్నే. గీత పడినా నువ్వే జిమ్మేదారు."

అంతే. అవ్వకు ఏనాడూ కొనని మెత్తటి బట్ట తెచ్చి మిషనుకు ముసుగు కుట్టించాడు. దసరాకు పసుపు కుంకుమ పెట్టేవాడు. పొగ తగిలితే దానికి దగ్గొస్తుందన్నట్టు అగరొత్తి మాత్రం వరండాలో వెలిగించేవాడు. పిల్లలు తలుపు దగ్గర నిలబడి చూసి, రికార్డులో బొమ్మ గీసి, పైక్లాసు వాళ్ల గ్రాఫులు దించుకొని మార్కులు తెచ్చుకునేవారు. ఎవరైనా లోపలికి రాబోతే, "గదేమన్న మీ బాపు బోరు మోటరా?" అని కసిరేవాడు.

మా అక్క అశ్రిత కూడా అదే కాలేజీలో చేరింది.

"తాతా, ఒక్కపారి ఆన్ జేసి సూస్త" అని బతిమాలింది.

"నీకు తెరిస్తె అందరికి తెర్వాలె బిడ్డ. వద్దు."

అక్క ఫస్ట్ క్లాసులో పాసైంది. తాత కాలేజీ అంతా మిఠాయి పంచాడు. ఆ తర్వాత తుర్కపల్లి వైపు ఒక మందుల కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. సాయంత్రం అక్క వచ్చి, చెప్పులు విడవకుండానే గడప మీద కూలబడింది.

"ఏమడిగిండ్రు బిడ్డ?"

"అన్ని జెప్పిన తాత. ఆఖరికి గసొంటి మిషన్ కాడ నిలవెట్టి, నడిపి సూపియ్యమన్నరు."

"నడిపినవా?"

"స్విచ్చి యాడున్నదో దొర్కలే. ఎన్కకున్నదంట. గా సారు నవ్వలే తాత, గదే బాధ. నవ్వితె నేను గూడ నవ్వుదును."

పది రోజుల్లో నేర్చుకొని వస్తే మళ్లీ చూస్తామన్నారట. ఆ పూట తాతకు ముద్ద దిగలేదు. ఉప్పెక్కువైందేమోనని అవ్వ అనుకుంది. ఉప్పు సరిగానే ఉంది.

మర్నాడు తాత ప్రిన్సిపాల్ సారు ఎదుట నిలబడ్డాడు. "సారు, మిషన్ తెరుస్త. మా పోరి నేర్సుకుంటది."

"తెరువు. ఈ ఏడు ఇన్‌స్పెక్షన్ అయిపోయింది కదా" అన్నాడు సారు, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

తాత గుమ్మం దాటి ఆగిపోయాడు. ఇంత సులువా? ఇన్నేళ్లలో అడగాలని తనకెందుకు తోచలేదు?

ముసుగు తీశాడు. అక్క పుస్తకం చూసుకుంటూ మందు ద్రావకం పోసి స్విచ్చి వేసింది. లైటు వెలిగింది. పంపు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. జీడిమెట్ల నుంచి వచ్చిన మెకానిక్ ప్రవీణ్ విప్పి చూశాడు.

"లోపట అంత ఎండి పట్టేసింది పెద్దాయన. వాడక వాడక దీన్ని సంపిండ్రు. ఎవరు సూసుకుంటరు దీన్ని?"

"నేనే" అన్నాడు తాత. ఆ మాట అంటే ల్యాబంతా వినపడే గొంతు ఆయనది. ఆ రోజు ప్రవీణ్ మళ్లీ అడగాల్సి వచ్చింది.

కొత్త సామాను వచ్చేసరికి గడువు దాటిపోయింది. అక్క అదే కంపెనీలో ప్యాకింగ్‌లో చేరింది. మాత్రల డబ్బాలను అట్టపెట్టెల్లో సర్దే పని. "ఏసీ ఉంటది తాత, మస్తు సల్లగ" అని మా అందర్నీ నవ్విస్తుంది. తాత నవ్వడు.

మిషను ఇప్పుడు నడుస్తోంది. మొన్న ఆదివారం తాత కాలేజీ తెరిపించి పెట్టి, ఇంటికొచ్చి అక్కను లేపాడు.

"లే బిడ్డ. ఇయ్యాల పొద్దుగూకేదాక మనదే మిషన్. జల్దీ లే."

"ఐతారమొక్కటే గద తాత నాకు పండేది. కాళ్లు గుంజుతున్నయ్. మల్ల జూద్దాం" అని అక్క అటు తిరిగి పడుకుంది.

తాత ఫ్యాను వేగం పెంచి, చప్పుడు కాకుండా బయటికి వచ్చాడు.