దుప్పట్లు దులిపే అక్క

ఆసుపత్రి కింద లాండ్రీలోకి ఎండ రాదు, మంచి కబురూ రాదు. పై అంతస్తుల మైల మాత్రం రోజూ వస్తుంది. వార్డుల్లో వాళ్లు మాసిన బట్టలన్నీ మూటగట్టి గోడలో ఉన్న గొట్టంలోకి తోస్తే, అవి దభీమని వచ్చి ఇక్కడ పడతాయి. ఆ మూటలు విప్పే పని దుప్పట్లక్కది. ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకే గుర్తులేదు. అసలు పేరు జీతాల రోజున మాత్రం వినపడుతుంది, అదీ తప్పుగా.

మూట విప్పగానే ప్రతి దుప్పటినీ రెండు చేతులా పట్టుకుని ఫట్టున దులపాలి. ముందు తరం వాళ్లు ఆమెకు మొదటి రోజే నేర్పిన పని అది. రోగుల దుప్పట్లలో ఏముంటాయో చెప్పలేం. కత్తెరలు, చెంచాలు, కళ్లజోళ్లు దొరుకుతాయి. ఒకసారి ఎవరో పెద్దాయన కట్టుడుపళ్లు దొరికితే అక్క వాటిని కడిగి, కాగితంలో చుట్టి పైకి పంపింది. అలాంటిదేదైనా మిషన్‌లో పడిందంటే డ్రమ్ము ఆగిపోతుంది, పని ఆగిపోతుంది, సూపర్‌వైజరు నోరు మాత్రం ఆగదు.

అలాంటి రోజుల్లో ఆ మాయదారి రోగం వచ్చింది. సూపర్‌వైజరు ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు వేసుకుని, గుమ్మం అవతలే నిలబడి చెప్పాడు.

"ఇకనుంచి దుప్పట్లు దులపొద్దు. దులిపితే రోగం గాల్లోకి లేస్తుందంట."

"మరి లోపల కత్తెర ఉంటే సారూ?"

"చూసుకోవాలి."

"దులపకుండా ఎట్లా చూసుకునేది?"

"జాగ్రత్తగా చూసుకోవాలి. మిషన్ పాడైతే మాత్రం నన్ను అనొద్దు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అక్కకు ఒళ్లు మండింది. పోనీ ఆ రెండు మాస్కుల్లో ఒకటి ఇటు పడేయమని అడిగింది.

"మాస్కులూ గౌన్లూ పైవాళ్లకేనమ్మా. మీరు పేషెంట్లని ముట్టుకోరు కదా."

"నిజమే సారూ. పేషెంట్లని ముట్టుకోం. వాళ్ల ఉమ్ము, వాంతులు, చెమట, అవే ముట్టుకుంటాం."

ఆయనకు అప్పటికే ఫోను వచ్చింది. ఫోను రాకపోయినా వచ్చిందనే అంటాడు. అక్క పాత చీర చింపి మూతికి కట్టుకుంది. మొహం పక్కకు తిప్పుకుని దులపడం మొదలుపెట్టింది. తప్పని తెలుసు. కానీ ఇన్నేళ్లు చేసిన చేతులు మనం చెబితే వింటాయా?

ఆమె భయం తన గురించి కాదు, ఇంట్లో ఉన్న మనిషి గురించి. ఆమె మొగుడిని వాళ్లుండే గదుల వరసలో అందరూ మిల్లాయన అంటారు. నూలు మిల్లులో దూది దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు అరిగిపోయాక మిల్లు ఆయన్ని వదిలేసింది గానీ, దగ్గు వదల్లేదు. ఈయనకు జలుబు కూడా తగలకుండా చూసుకోమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అందుకని రోగం ఊళ్లో అడుగుపెట్టిన రోజునుంచి అక్కకు ఒకటే ధ్యాస: అది తన వెంట ఇంటికి రాకూడదు.

ఇల్లంటే ఒక గది. అలాంటి గదులు వరసగా కొన్ని, వాటన్నిటికీ ఒక కుళాయి, చివర రెండు దొడ్లు. పొద్దున్నే వాటి ముందు చెంబులు పట్టుకుని ఒకరి వీపు ఒకరికి తగిలేలా నిలబడాలి. ఆ వరస పక్కనుంచే మైకు కట్టిన బండి రోజూ వెళ్లేది. ఇంట్లో ఎవరికైనా నలతగా ఉంటే వేరే గదిలో ఉంచండి, వేరే బాత్రూమ్ వాడండి, కిటికీలు బార్లా తీసి పెట్టండి అని ఒక ఆడగొంతు తియ్యగా చెప్పేది.

"ఏ గదిలో పెట్టాలో కూడా ఆ మైకులోనే చెప్పమ్మా తల్లీ," అని అక్క ఆ బండి వెనకాల అరిచేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్కవాళ్ల గోడకు కొట్టుకుని మళ్లీ మూసుకుంటుంది.

ఈ రోగానికి బీదా గొప్పా తేడా లేదని అప్పట్లో తెగ చెప్పారు. మెయిన్ రోడ్డు అవతలి మేడల్లోనూ రోగం వచ్చింది, కాదనం. అక్కడ మనుషులకన్నా గదులెక్కువ. ఎవరికి వారు ఒక గదిలో తలుపేసుకుని, ఫోనులో కూరగాయలు తెప్పించుకుని, ఏమీ తోచడం లేదని విసుక్కున్నారు. ఈ వరసలో ఆ బాధ ఎవరికీ లేదు.

అక్క తనకు తోచిన ఉపాయం తను చేసింది. డ్యూటీ నుంచి రాగానే కుళాయి దగ్గర కట్టుబట్టలతోనే నీళ్లు పోసుకునేది. గుమ్మం బయట అరుగు మీదే పడుకునేది. మిల్లాయన వండి, కంచం గడప మీద పెట్టి వెనక్కి జరిగేవాడు. ఉప్పు తక్కువైందని ఆమె బయటనుంచి, నోరు చేదుగా ఉంటే ఉప్పేం చేస్తుందని ఆయన లోపలినుంచి, తలుపు సందులోంచి కాపురం బాగానే సాగింది.

ఇలా ఉండగా లాండ్రీలో అక్కకు బ్లీచింగు వాసన రావడం మానేసింది. రోజూ కళ్లు మండించే సరుకు, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ లేదు. ఆమె తిన్నగా సూపర్‌వైజరు మీదికి వెళ్లింది.

"బ్లీచింగులో నీళ్లు కలుపుతున్నారు సారూ. ఇట్లాంటి టైములో కూడా కక్కుర్తేనా?"

"నీళ్లెవరు కలిపారు? మొన్నటి డబ్బానే కదా అది."

"అయితే మొన్నే కలిపారు."

ఆ పోట్లాట చాలాసేపు నడిచింది. సరుకు బాగానే ఉంది, పోయింది తన ముక్కేనన్న ఆలోచన ఆమెకు రాలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, ఒంట్లో నలత లేదు. దొంగ దొరికాడన్న ఉత్సాహమే ఉంది.

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. జల్లు అరుగంతా కొట్టేసింది. అక్క గోనెపట్టా కప్పుకుని ముడుచుకు కూర్చుంది. మిల్లాయన తలుపు తీశాడు.

"లోపలికి రా."

"నేను రాను. తలుపేసుకో."

"నువ్వు రాకపోతే నేనే బయటికొచ్చి కూర్చుంటా."

తడిస్తే ఆయన ఛాతీ ఏమవుతుందో ఆమెకు తెలుసు. తిట్టుకుంటూనే లోపలికి వెళ్లి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ గదిలో ఏ మూలనుంచి చెయ్యి చాచినా ఇంకో మూల అందుతుంది.

కొన్నాళ్లకు మిల్లాయన దగ్గు మారింది. ఎప్పుడూ ఉండే దగ్గేలే అని ఆయన, కాదని ఆమె. మాట పూర్తి చేయడానికి ఊపిరి చాలకపోయేసరికి, ఆటోలో పడేసుకుని తను పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చింది. బ్లీచింగు సంగతి ఆమెకు ఆ ఆటోలో అర్థమైంది. పోయింది తన ముక్కేనని, రోగాన్ని ఇంటికి తెచ్చింది తనేనని. ఆయనకు మాత్రం చెప్పలేదు.

గేటు దగ్గర స్టాఫ్ కుటుంబాలకు వేరే వరస ఉంది. అక్క అందులో నిలబడితే, కాంట్రాక్టు వాళ్లు స్టాఫ్ కారని పెద్ద వరసలోకి పంపారు. ఎలాగో మంచం దొరికింది. వార్డులోకి మాత్రం బంధువులెవరూ రాకూడదన్నారు. తన ముక్కు సంగతి చెప్పి నాలుగు రోజులు సెలవడిగితే, "జ్వరం లేదు కదా, మూటలు పేరుకుపోతున్నాయి," అన్నాడు సూపర్‌వైజరు. రోగమున్న మనిషి ఇంటికి పోతే జీతం పోతుంది, పనిలో ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

మిల్లాయనతో పాటు ఇంటి గళ్ల దుప్పటి ఒకటి పైకి వెళ్లింది. మాసినప్పుడల్లా అది మూటల్లో కిందికొచ్చేది. అక్క ఉతికి ఆరబెట్టి, ఆ వార్డు ఆయమ్మ చేతికిచ్చి పంపేది. ఆయమ్మ "అన్న ఇవాళ రెండు ముద్దలు తిన్నాడక్కా," అని కబురు తెచ్చేది. ఆ కబురు మీదే ఆమె రోజు గడిచేది.

ఒక పొద్దున మూట విప్పితే గళ్ల దుప్పటి ఒంటరిగా లేదు. పరుపు మీది దుప్పటి, దిండు గలీబు, తువ్వాలు అన్నీ కలిపి ఒకే ముడి వేసి ఉన్నాయి. అలా వచ్చాయంటే మంచం ఖాళీ అయిందని లాండ్రీలో అందరికీ తెలుసు. మనిషి ఇంటికి వెళ్లినా అదే ముడి, వెళ్లకపోయినా అదే ముడి. అక్క ముడి వదిలేసి ఫోను అందుకుంది. ఆయమ్మకు ఫోను చేస్తే, తను డ్యూటీలో లేనంది. ఎంక్వయిరీ వాళ్లు సమాచారం సాయంత్రం చెబుతామన్నారు.

"చచ్చాడో బతికాడో చెప్పడానికి సాయంత్రం దాకా ఎందుకు?" అని అక్క ఫోను పెట్టేసి, తడి ఏప్రన్‌తోనే మెట్లెక్కింది. సూపర్‌వైజరు వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు.

వార్డు గుమ్మంలోంచి చూస్తే ఆయన మంచం మీద ఎవరో కొత్తాయన ఉన్నాడు. తలవైపు గోడలోంచి ఆక్సిజన్ పైపు, పక్కన పళ్ల బుట్ట. నర్సు తల ఎత్తకుండానే చెప్పింది.

"ఈ మంచం మీదాయనా? వరండాలో వేశామమ్మా. ఈయన కోసం పైనుంచి ఫోనొచ్చింది. నేనేం చేయను, నా చేతిలో ఏముంది?"

ఆ అమ్మాయి కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. అక్కకు ఆమెను తిట్టబుద్ధి కాలేదు. తిట్టవలసినవాళ్లు ఎప్పుడూ చేతికి అందరు.

వరండాలో మిల్లాయన చక్రాల బల్ల మీద, రెక్సిన్ పరుపు మీద, ఒట్టి ఒంటితో చలికి ముడుచుకుని ఉన్నాడు. కింద దుప్పటి లేదు, పైన దుప్పటి లేదు. పక్కన సిలిండరు. ఊపిరి ఆడుతోంది. అక్క ముందు ఆ ఛాతీ లేవడం, దిగడం చూసింది. తర్వాత సిలిండరు ముల్లు ఎర్రగీత దగ్గరికి రావడం చూసింది. నర్సును రెక్క పట్టుకుని లాక్కొచ్చి, కొత్త సిలిండరు తగిలించేదాకా అక్కడినుంచి కదల్లేదు. ఆ తర్వాత కిందికి వెళ్లి, డ్రయ్యర్‌లోంచి తీసిన దుప్పట్లు చేతికి వచ్చినన్ని తెచ్చి, వరండాలో ఉన్నవాళ్లందరికీ కప్పింది.

"అవి వార్డు దుప్పట్లు," అని సూపర్‌వైజరు మెట్ల దగ్గరనుంచి అన్నాడు. "వరండాకి దుప్పట్లు లేవు."

"ఇప్పుడున్నాయి సారూ."

మిల్లాయన కళ్లు తెరిచాడు. ఆమెను చూడగానే మొహం చిట్లించాడు.

"ఎందుకొచ్చావు? అంటుకుంటుంది. పో."

"నాకెప్పుడో అంటుకుంది," అంది అక్క. ఇన్నాళ్లూ మింగలేక కక్కలేక ఉంచుకున్న మాట బయటికొచ్చేసింది. "నావల్లే నీకొచ్చింది. ఆ వాన రోజు."

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. ఏడుస్తున్న మనిషిని ఓదార్చడం ఆయనకెప్పుడూ చేతకాదు, విసుక్కోవడమే వచ్చు.

"నీవల్ల కాదే," అన్నాడు విసుగ్గా. "మనకి రెండో గది లేక."