మావ పక్కన నా పేరు

బతికుండగా నన్ను నేనే పాతిపెట్టుకున్నాను. అదీ సి ప్లస్ ప్లస్‌లో. నవ్వుతారని తెలిసే చెబుతున్నాను, వినండి.

అప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడాది. మా ఊరు భోగాపురం దగ్గర, సముద్రపొడ్డున. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించడం మా చర్చి ఆనవాయితీ. ఎవరి సమాధి ఏ వరుసలో ఉందో జాబితా తీసిచ్చే పని నెత్తిన వేసుకున్నాను. మా మావ సమాధి పక్కన ఖాళీ జాగా ఆయన భార్య సలోమి అత్తది. పాస్టరుగారిని బతిమాలి అట్టే పెట్టించుకుంది.

"నా సోటు మాత్రం జాగర్తరా దానియేలూ," అంది.

"కంప్యూటరు సేస్తాది అత్తా, తప్పు రాదు," అన్నాను. అప్పట్లో అంత పొగరు.

సి ప్లస్ ప్లస్ ప్రోగ్రాంలో వరుసలు, గడులతో పేర్ల పట్టిక కట్టాను. కొత్త పేరు రాసే మెథడ్, అంటే ప్రోగ్రాంలో ఆ పని చేసిపెట్టే ముక్క, పనిచేస్తోందో లేదో చూద్దామని అత్త జాగా ఖాళీ గడిలో నా పేరే రాయించాను. మెథడ్‌కి వెళ్లేది నకలే కదా, అసలు పట్టికకేం కాదని ధీమా. అయ్యా, వెళ్లేది నకలు కాదు, అసలు పట్టిక చిరునామా! నా పేరు అసలు పట్టికలోనే పడి కూర్చుంది. ప్రోగ్రాం నడవగానే పండగ కాదని నాకెవరూ చెప్పలేదు. జాబితా అచ్చు తీసి చర్చిలో ఇచ్చేశాను.

పండగనాడు ఇంకా చీకటి విడవలేదు. సంఘం ఆడవాళ్లు ఎవరిదని అడక్కుండా జాబితాలో ఉన్న ప్రతి పేరూ అట్టముక్క మీద రాసి గుచ్చి, సమాధులన్నీ అలంకరించి వెళ్లారు. సరుగుడు తోటలో గాలి ఎవరో మూలుగుతున్నట్టుంది. మావ సమాధి దగ్గరికి వెళ్లి, పక్కకి చూసి కొయ్యబారిపోయాను. ఖాళీ ఇసుకలో కొవ్వొత్తి వెలుగుతోంది. బంతిపూల దండ. అట్టముక్క మీద నా పేరు. తెల్లచీర కట్టిన ఆకారం ఒకటి ఇసుకను తడుముతూ గొణుగుతోంది.

"లెగు... నా సోటులోంచి లెగు..."

నిజంగానే చచ్చిపోయానేమో, ఆ ముక్క నాకెవరూ చెప్పలేదేమో అనుకున్నాను. ఆకారం ఇటు తిరిగింది. సలోమి అత్త!

"అత్తా, నేను సావలేదే!"

"నాకు తెల్దేటి? రాత్రి నా ఇంట్లోనే గదా సేపల పులుసు తిన్నావు! బతికుండగానే సోటు లాగీసుకున్నావేట్రా? మీ మావ పక్కన నువ్వు తొంగుంటే నానెక్కడికి పోవాలి?" అని ఏడ్చేసింది.

భయం పోయి సిగ్గు ముంచుకొచ్చింది. అట్టముక్క తిప్పి ఆవిడ పేరు రాశాను. బతికున్న మనిషి పేరు అక్కడ రాస్తుంటే అక్షరాలు వంకరపోయాయి.

"సక్కగా రాయి," అని గదిమింది. దాన్ని తనే ఇసుకలో గుచ్చి, మావ సమాధి వైపు వేలు చూపించి ఆయనతోనే అంది.

"ఇదిగో, సోటు కాయమైపోనాది గదాని పిలిసీవు. తొందరేటీ లేదు!"

ఆ ఇసుక మీదే నిలబడి ప్రమాణం చేశాను. ముందు నకలు తీసుకోకుండా ఏ పట్టికనూ ఏ మెథడ్ చేతికీ అప్పగించను. ప్రోగ్రాం పనిచేస్తోందో లేదో చూడ్డానికి పేరు కావాల్సి వస్తే మా సి ప్లస్ ప్లస్ మాస్టారిది రాస్తాను. ఆయన మీద పడి ఏడ్చే అత్త మా ఊళ్లో లేదు.