ట్యూబులో మా ఊరి విషం

ఆ పేస్టు మా ఇంటికి వచ్చిన రోజు దాని పెట్టెను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చిన్న అచ్చులో ఉన్న ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాను. సోడియం. మోనో. ఆ తర్వాత ఫ్లోరో. అక్కడే ఆగిపోయాను. మిగతాది చదవాల్సిన పని లేదనిపించింది.

నేను నల్లగొండ వైపు ఒక పల్లెలో పుట్టాను. మా బావి నీళ్లు తేటగా, చల్లగా ఉండేవి. చూసినవాళ్లెవరికీ అనుమానం రాదు. ఆ నీళ్లే మా అమ్మ నడుము వంచేశాయి. మెడ బిగుసుకుపోయి, ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేది. నా పళ్ల మీద గోధుమరంగు చారలు పడ్డాయి. ఊరికి వచ్చిన డాక్టర్లు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందన్నారు. మేం ఫ్లోరిన్ అనేవాళ్లం. నాన్న పోయాక అమ్మను పట్నంలో, ఉప్పుగూడలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇక్కడి నల్లా నీళ్లు చప్పగా ఉన్నాయని ఆమె గొణిగేది. నేను మాత్రం బిందె నిండిన ప్రతిసారీ దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని. నా బిడ్డ ఆ బావి నీళ్లు తాగకుండా పెరుగుతోంది, నాకదే చాలు.

ఎనభైల మొదట్లో బిడ్డకు ఏడేళ్లు. పాలపళ్లు రెండు పుచ్చి దవడ వాచింది. మా ఆయన దబీర్‌పురాలో పళ్ల డాక్టరమ్మకు చూపించి, వచ్చేటప్పుడు ఈ పేస్టు తెచ్చాడు.

"డాక్టరమ్మ చెప్పింది. దీంతోని తోముకుంటె పండ్లు గట్టిపడ్తయట. వచ్చేటివి పుచ్చయట."

"దీంట్ల ఏమున్నదో చదివినవా?"

"మందున్నది."

"ఫ్లోరిన్ ఉన్నది! మా అమ్మను గిట్ల జేసింది గదే."

"నీకు ప్రతి డబ్బల సైతానే కనవడ్తడు. రేడియో కొన్ననాడు గుడ గిట్లనే లొల్లి జేసినవ్."

"రేడియోను నోట్లె పెట్టుకోం గద."

శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థన మా ఇంట్లో జరిగింది. ప్రార్థన అవసరాలు చెప్పుకునేటప్పుడు నేను ట్యూబును చాప మధ్యలో పెట్టాను. కూడికను నడిపించే పెద్దక్క మూత తీసి వాసన చూసింది.

"తియ్యగ కొడుతున్నది చెల్లె. పిల్లలకు మందు ఇయ్యాల్నంటె గింత తియ్యగ ఎందుకు జేస్తరు?"

"బొద్దింకలను సంపే పొడిల గుడ గిదే రకం కలుపుతరంట," అంది పక్కనున్న మా సంఘం చెల్లి. "మా మరిది చెప్పిండు."

"అట్లయితే మీ ఇంట్ల బొద్దింకల పండ్లు మస్తు గట్టిగుంటయేమో," అన్నాడు మా ఆయన గడప బయటనుంచి. పెద్దక్క ప్రార్థనకు కళ్లు మూసుకోమంది.

కంటికి ఇంపుగా, నోటికి రుచిగా ఉన్నదాన్నే ముందు అనుమానించాలని, దేవుడు నాటిన మొదటి తోటలో పండు తిన్న కథ విన్న చిన్నపిల్లకైనా తెలుసు. సంఘంలో మాకు నేర్పింది కూడా అదే, ప్రతిదాన్నీ పరీక్షించమని. అయితే పరీక్షించడమంటే పారేయడం కాదు. ఆ చిక్కులోనే పడ్డాను. వేపపుల్ల, ఉప్పు, బొగ్గుపొడి అన్నీ వాడుతుండగానే ఇంకో పన్ను నల్లబడింది. చివరికి మా ఆయన మాటకు ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానే కానీ కాపలా మానలేదు. రోజూ పొద్దున బిడ్డ పెదవి పైకెత్తి చారలేమైనా పడ్డాయేమో చూసేదాన్ని. బడికి పోయేముందు మెడ అటూ ఇటూ తిప్పించేదాన్ని. "నేనేమన్న గుడ్లగూబనా అమ్మా?" అని అది విసుక్కునేది.

ఒకరోజు పళ్లు తోముకున్న కాసేపటికే కడుపు పట్టుకుని కూర్చుంది. తర్వాత వాంతి చేసుకుంది, తెల్లటి నురగ. మొన్న మొన్న కొన్న ట్యూబు సగానికి పైగా అణిగిపోయి ఉంది. దాన్ని కొంగులో కట్టుకుని, బిడ్డను రిక్షా ఎక్కించి దబీర్‌పురా తీసుకెళ్లాను. దారి పొడవునా ప్రార్థిస్తూనే డాక్టరమ్మను ఎలా కడిగేయాలో కూడా ఆలోచించుకున్నాను.

ఆమె గది గోడ మీద ఒక పేస్టు కంపెనీ క్యాలెండరు వేలాడుతోంది. లోపలికి అడుగు పెట్టగానే చూశాను.

"అరె, రోనా నహీ బేటా," అని డాక్టరమ్మ బిడ్డ కళ్లు తుడిచి కుర్చీలో కూర్చోబెట్టింది. తన మనిషిని పాలకు పంపింది. "పాలు తాగిపిద్దాం అమ్మా. కడుపుల ఆ మందును పాలు పట్టేస్తయి. ఎంత పేస్టు పెట్టుకున్నవ్ బేటా?"

బిడ్డ బ్రష్ పొడవంతా వేలితో చూపింది.

"తోముకున్నంక ఉమ్మేసినవా?"

"లే. మింగిన. నీళ్లు గుడ పుక్కిలించి మింగిన. నోట్లె పోసుకున్న నీళ్లు పారబొయ్యద్దని అమ్మమ్మ చెప్పింది."

మా ఊళ్లో బావి దూరం. అన్నం తిన్నాక ఎవరూ నీళ్లు ఉమ్మేయరు. పుక్కిలించి మింగేస్తారు. నేనూ అంతే. అది ఒక అలవాటని కూడా మాకు తెలియదు. బిడ్డ పళ్లు చూశాను, మెడ చూశాను, గొంతు వైపు చూడాలని మాత్రం తట్టలేదు.

అయినా అడిగాను. "మా నల్లగొండ నీళ్లల్ల ఉన్న విషం గిదే గద డాక్టరమ్మా?"

ఆమె నా పళ్ల వైపు చూసింది. "దీంట్ల ఉన్న చీజ్ ఆ జాతిదే. ఝూట్ ఎందుకు చెప్త, నిజమే. గానీ ఆ నీళ్లు మీరు పుట్టినప్పటి సంది తాగిన్రు, వాటితోనే వండుకున్రు. పోయి ఎముకలల్ల కూసున్నది. ఇది తాగేది గాదు. పంటి మీద జెర సేపుండి ఉమ్మితోని బయటికి పోవాలె. తీపి తింటె నోట్ల పులుపు పుట్టి పంటిని కొరుకుతది. ఇది పై పొరను గట్టి చేస్తది, గంతే."

"రోజూ మింగితే?"

"దవడ లోపల ఇంకా తయారైతున్న పండ్లకు మచ్చలు రావచ్చు. అందుకే ఉమ్ముడు రాని చిన్న పిల్లలకు నేను రాయ. ఏడేండ్ల పిల్లకు వస్తదనుకున్న. బఠాణీ గింజంత చాలు. పెద్దోళ్లు పెట్టియ్యాలె. మీరు పక్కన్నే నిలవడాలె."

"ఆ క్యాలెండరు ఎవలిచ్చిన్రు?"

డాక్టరమ్మ నవ్వింది. "కంపెనీవాళ్లే ఇచ్చిన్రు. తారీఖులు మాత్రం సహీ ఉన్నయి అమ్మా."

తోముకున్నాక నీళ్లు కాలవలో ఉమ్మేయాలని ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "మంచినీళ్లు మోరీల ఊంచమంటదా? ఏం సదువు సదివింది?" అని అమ్మ గయ్‌మంది. మింగితే లోపలి పళ్లకు నాకు లాగే మచ్చలు వస్తాయని చెప్పాక మాత్రం బిడ్డను దగ్గరికి పిలిచి నోరు తెరవమంది.

మర్నాడు పొద్దున నేను పేస్టు పెట్టి ఇచ్చాను. బిడ్డ అలవాటు ప్రకారం నోరు మూసుకుని మింగబోయింది. అమ్మ గోడ పట్టుకుని వచ్చి దాని పక్కన నిలబడింది. తన మెడ వంగదు, కాబట్టి దాని మెడ మీద చెయ్యి వేసి మోరీ మీదికి వంచింది.

"ఊంచు బిడ్డా. ఇంక ఊంచు. ఒక్క సుక్క లోపటికి పోవద్దు."

ట్యూబును బిడ్డకు అందని ఎత్తులో, మందులతో పాటు పెట్టాను. ముందు పళ్లు తెల్లగా వచ్చినా నా అనుమానం తీరలేదు. డాక్టరమ్మ చెప్పిన లోపలి పళ్లు అవి కావు, వెనకవి. వాటి కోసం కొన్నేళ్లు కనిపెట్టుకుని ఉన్నాను. దవడ పన్ను చిగురు చీల్చుకుని పూర్తిగా బయటికి వచ్చిన రోజు, బిడ్డను వాకిట్లో ఎండకు నిలబెట్టి నోరు తెరవమన్నాను.

"చార ఉన్నదా?" అని మంచంలోంచి అమ్మ అడిగింది.

"లేదమ్మా."

"మంచిగ చూడు."

కొంగుతో పన్ను తుడిచి మళ్లీ చూశాను.