అమ్మ లేననుకోమన్న వారం

మా అన్నయ్యకు నలభై నాలుగేళ్లు. చొక్కా గుండీలు పెట్టుకోగలడు, కలిపి పెడితే అన్నం తినగలడు. ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టిందో మాత్రం చెప్పలేడు. పుట్టగానే ఏడవలేదట. బుద్ధి నాలుగేళ్ల దగ్గర ఆగిపోయింది. నాన్న పోయాక విజయవాడ వన్ టౌన్‌లోని మా పాత ఇంట్లో అన్నయ్య, అమ్మ ఇద్దరే ఉంటున్నారు. నేను మంగళగిరిలో లెక్కల టీచర్ని. మాది రెండు గదుల ఫ్లాటు. మా ఆయన, ఇద్దరాడపిల్లలు, నేను.

అమ్మ గుండెకు స్టెంటు వేసిన నెలకే నన్ను వెంటబెట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లింది. ఇల్లు కొడుకు పేరున వీలునామా రాయాలని ఆమె కోరిక. లాయరు గారు నా వయసావిడే. రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసింది.

"నేరుగా ఆయన పేరున వద్దమ్మా. మీరు లేనినాడు ఎవరో బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుపోతారు. ట్రస్టుగా రాద్దాం. ఆయన ఉన్నన్నాళ్లూ ఇల్లు ఆయన కోసమే, అమ్మాలంటే ఒక్కరి సంతకం చాలదు అని పెడదాం. మరి గార్డియన్ ఎవరు?"

"నేనున్నాగా. కన్నతల్లిని," అంది అమ్మ.

"పద్దెనిమిది దాటాక కన్నతల్లి కూడా చట్టం ముందు గార్డియన్ కాదండీ. కలెక్టరాఫీసులో దానికో కమిటీ ఉంది, అక్కడ అప్లికేషన్ పెట్టుకోవాలి. మీ ఆరోగ్యం ఇలా ఉంది కాబట్టి అమ్మాయిగారి పేరు ఇస్తే మంచిది."

ఇద్దరూ నా వైపు చూశారు. "ఇంట్లో ఆయన్ని అడిగి చెప్తానండీ," అన్నాను.

అది అబద్ధం. అన్నయ్య మన దగ్గరే ఉంటాడని మా ఆయన ఎప్పుడో అన్నారు. భయమంతా నాది. లాయరు గారు ఇచ్చిన అప్లికేషన్ బీరువాలో చీరల కింద పెట్టి నాలుగు నెలలు ఆ అర ముట్టుకోలేదు. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను, చిన్నదానికి జ్వరమన్నాను. సంతకానికి రమ్మన్న రోజున ఫోను ఆపేసి స్టాఫ్ రూములో కూర్చున్నాను.

వేసవి సెలవులిచ్చిన తొలి సోమవారం పొద్దున్నే అమ్మ అన్నయ్యతో, ఒక బట్టల సంచితో మా గుమ్మంలో నిలబడింది.

"ఉయ్యూరులో మీ పిన్ని దగ్గరికి పోతన్నా. వారం రోజులు. ఫోన్ చెయ్యమాక. నేను లేననుకో."

"అవేం మాటలమ్మా!"

"ఒకనాడు నిజంగానే ఉండను గదే. ఆ రోజున నువ్వు ఏడుస్తా కూర్చుంటే వాడికి అన్నం ఎవరు పెడతారు? ఇప్పుడైతే నీకు ఏడుపు లేదు. నేర్చుకో."

ఆటో మలుపు తిరిగేదాకా అన్నయ్య చెయ్యి ఊపాడు. తర్వాత గుమ్మం దగ్గరే కూర్చుని, మెట్ల మీద అడుగు వినపడ్డప్పుడల్లా "అమ్మ?" అన్నాడు. నన్ను స్నానం చేయించనివ్వలేదు. మంగళవారం పొద్దున దవడ మీద తనే కొట్టుకుంటూ ఏడవడం మొదలుపెట్టాడు. పన్నా, తలనొప్పా, దేవుడేమైనా నన్ను పరీక్షిస్తున్నాడా? అమ్మకు ఫోన్ చేయబోయి రెండుసార్లు ఆగిపోయాను. డాక్టరు చూసి చెవిలో చీము పట్టిందన్నారు. ఎన్నాళ్లనుంచి నొప్పి ఓర్చుకుంటున్నాడో ఎవరికి తెలుసు!

గురువారం నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. అన్నయ్య లేడు. చెప్పులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి.

మా ఆయన స్కూటరు మీద ఒకవైపు వెళ్లారు. నేను కాలినడకన చీరల కొట్లన్నీ వెతుక్కుంటూ పోయాను. "తెల్లచొక్కా, పొట్టిగా ఉంటాడు, మాటలు సరిగా రావు," అని ప్రతి గుమ్మంలో చెప్పాను. పదకొండు దాటింది. తారు రోడ్డు సెగలు కక్కుతోంది. హైవే మీద లారీలు ఆగకుండా దూసుకుపోతున్నాయి. అక్కడ, ఒక మందుల షాపు నీడలో నిలబడ్డప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. దొరక్కపోతే? దొరక్కపోతే ఈ సంతకం ఉండదు కదా.

రెప్పపాటే ఆ ఆలోచన. కానీ అది నాదే. ఆ ఎండలో నాకు చలి పుట్టింది. లారీలను మించి నన్ను చూసి నేను భయపడ్డాను.

రెండు గంటల తర్వాత బస్టాండులో దొరికాడు. ఆగిన ప్రతి బస్సూ ఎక్కి "అమ్మ?" అని అడుగుతుంటే, ఒక కండక్టరు కిందికి దింపి, బెంచీ మీద కూర్చోబెట్టి మజ్జిగ తాగించాడట. అరికాళ్లు రెండూ బొబ్బలెక్కాయి. నన్ను చూసి నవ్వి, కాళ్లు నా ఒళ్లో పెట్టాడు.

అమ్మ సోమవారం వచ్చింది. ముందు కొడుకు కాళ్లు చూసింది. జరిగింది చెప్పాను. ఆ ఆలోచన కూడా చెప్పేశాను. "నాలాంటిదాని చేతికి అన్నయ్యను ఇవ్వకమ్మా," అని ఏడ్చాను.

అమ్మ తన చీర కొంగు మడతలు పెట్టుకుంది.

"నాకూ వచ్చిందే," అంది. "వాడి చిన్నప్పుడు, కాలవగట్టున. ఒకసారి గాదు. వచ్చాక ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని వాడి చెయ్యి. మీ నాన్నకి కూడా చెప్పలా."

నలభై ఏళ్లు ఆమె అది ఒంటరిగా మోసింది. ఆ సాయంత్రమే బీరువా అర తెరిచాను.

కమిటీ వాళ్లు ఇంటికి మనిషిని పంపి విచారించారు. తర్వాత మా ముగ్గురినీ పిలిచారు. "ఈవిడెవరు బాబూ?" అని ఒక ఆఫీసరు నన్ను చూపించి అడిగితే అన్నయ్య తిరుగుతున్న ఫ్యాను చూస్తూ ఉండిపోయాడు. ఆఫీసరు నా వైపు తిరిగాడు.

"ఇష్టపడే చేస్తున్నారా? ఎవరి బలవంతమూ లేదుగా?"

"ఇష్టమే సార్. భయంగా కూడా ఉంది."

ఆయన తలూపి కాగితం నా ముందుకు జరిపాడు. సంతకం పెట్టాను.

నన్ను గార్డియన్‌గా పెడుతూ ఆర్డరు వచ్చింది. ఇంటి ట్రస్టులో నాతోపాటు ఉయ్యూరు పిన్ని కూతురు కూడా ఉంది. అడగ్గానే ఒప్పుకుంది. ఇప్పుడు ప్రతి శుక్రవారం స్కూలు నుంచి వన్ టౌన్ వెళ్లి అన్నయ్యను తెచ్చుకుంటాను. ఆదివారం సాయంత్రం దింపుతాను. ఆ రెండు రోజులూ అమ్మ కంటినిండా నిద్రపోతుందట. అన్నయ్య ఇప్పుడు నన్ను తల రుద్దనిస్తున్నాడు.

మొన్న మా పెద్దమ్మాయి ఆ కాగితాలు చదివి, "నీ తర్వాత ఎవరమ్మా? నా పేరు ఎందుకు రాయలేదు?" అంది. దానికి పదహారేళ్లు. నేను లేచి వెళ్లి, అన్నయ్య మళ్లీ బయటికి పోకుండా వేసిన తలుపు గడియ పడిందో లేదో రెండోసారి చూసి వచ్చాను.